ఉప్పుచెట్టు

ముల్లు ఈ ఉదయం కూడా ఎక్కువే చూపిస్తోంది.

డాక్టర్ వకుళ డయల్ అద్దం మీద దుమ్మును కొంగుతో తుడిచి మరోసారి చూసింది. తేడా లేదు. సముద్రం మీంచి సజ్జావారిపేటలోకి వచ్చే గాలి ఎంత తేమ మోసుకొస్తోందో చెప్పే పరికరం ఒడ్డున స్తంభం మీద ఉంది. ఊరు దాటి పడమటికి పోయే గాలిలో ఎంత మిగిలిందో చెప్పే పరికరం రైలుకట్ట మీద ఉంది. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే చెట్టు తాగిన నీరు ఎంతో తెలియాలి. చిన్నపిల్లలు చేసే తీసివేత. కాని డయల్ ప్రకారం చెట్టు అంతకంటే మూడో వంతు ఎక్కువ తాగుతోంది.

గాలిలో లేని నీరు చెట్టుకు ఎక్కడి నుంచి వస్తోంది?

"మేడమ్, అందరూ తక్కువొచ్చిందని ఏడుస్తారు. మీరొక్కరే ఎక్కువొచ్చిందని దిగులు పడుతున్నారు," అన్నాడు జూనియర్ ఇంజనీరు ఫణీంద్ర. అతను ఈ చెట్టు నిలబడ్డ నాటి నుంచి ఇక్కడే ఉన్నాడు. ముల్లు పైకి పోయిన ప్రతిసారీ సొంత పిల్లవాడు ఫస్టుక్లాసు తెచ్చుకున్నట్టు మురిసిపోతాడు.

"మీ ఇంట్లో రాత్రి గిన్నెలో పెట్టిన పాల కంటే పొద్దున ఎక్కువ పాలు కనిపిస్తే ఏమనుకుంటావు?"

"మా ఆవిడ నీళ్ళు కలిపిందనుకుంటాను."

అతను నవ్వాడు. వకుళ నవ్వలేదు.

ఉప్పుచెట్టు అంటే ఏమిటో ఇక్కడ చెప్పుకోవాలి. అప్పటికి కోస్తా పొడుగునా బోర్లలోకి సముద్రం వచ్చేసింది. పంపు కొడితే వచ్చే నీటితో కూర వండితే వేరే ఉప్పు వెయ్యక్కర్లేదు. తాగే నీళ్ళు రైలు ట్యాంకుల్లో వచ్చేవి. రైలు రాని నాడు జనం బోరు నీళ్ళే తాగేవారు. ఆ నీళ్ళు తాగి తాగి ఇంటికొకరికి మూత్రపిండాల జబ్బు పట్టుకుంది. నేలలో నీరు చెడింది గనుక గాలిలో నీటి మీద శాస్త్రజ్ఞుల చూపు పడింది.

వానాకాలంలో ఉప్పుజాడీ మూత తీసి ఉంచితే ఉప్పు చెమర్చి, అడుగున నీరు దిగడం అందరికీ తెలిసిందే. కొన్ని లవణాలు అంతకంటే ఆశపోతులు. క్యాల్షియం క్లోరైడ్‌ను పళ్ళెంలో పోసి వదిలేస్తే గాలిలోని తేమను లాక్కుని, ఆ తేమలో తానే కరిగిపోతుంది. కెమిస్ట్రీలో ఈ గుణం ఉన్న పదార్థాన్ని డెలిక్వెసెంట్ అంటారు. బోటనీ వాళ్ళు ఇదే మాటను చెట్టు ఆకారానికి వాడతారు. సరుగుడు చెట్టుకు మాను ఒకటే, మొదలు నుంచి చిగురు దాకా ఈటెలా పోతుంది. వేపచెట్టు అలా కాదు. మాను కొంత ఎత్తు పోయి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, చివరికి మాను ఎక్కడ ఆగిందో కొమ్మ ఎక్కడ మొదలైందో చెప్పలేం. మాను కొమ్మల్లో కరిగిపోతుంది. అటువంటి చెట్టు వాళ్ళకు డెలిక్వెసెంట్.

వకుళ కెమిస్టు. ఆమె మొదట కట్టిన యంత్రం సరుగుడు లాంటిది. నిటారు స్తంభం, చుట్టూ ఉప్పు పూత. పైపూత తడిసి కారిపోయేది, లోపలి ఉప్పుకు గాలే తగిలేది కాదు. యూనివర్సిటీలో బోటనీ చెప్పే స్నేహితురాలు దాన్ని చూసి, "ఉప్పును కరిగించడం తెలిసిన దానివి, మానును కూడా కరిగించరాదూ?" అన్నది. రెండో యంత్రం వేపచెట్టులా చీలింది. కొమ్మలు, రెమ్మలు, చిట్టచివరికి దారమంత సన్నని పీచు. ఆ పీచులో ఉప్పునీరు ఊరుతూ ఉంటుంది. మాను మొదట్లో ఉన్న మూతులు వీధిలోని గాలిని పీల్చి పైకి ఊదుతాయి. పీచు ఆ గాలిలోని తేమను తాగుతుంది, పలచబడ్డ ఉప్పునీరు కొమ్మల గుండా వేళ్ళ దగ్గరున్న తొట్టిలోకి దిగుతుంది. అద్దాలు మళ్ళించిన ఎండకు అక్కడ నీరు ఆవిరై, చల్లబడి, కుళాయికి వస్తుంది. చిక్కబడ్డ ఉప్పు మళ్ళీ పైకి పోతుంది.

ఇంత పెద్ద యంత్రానికి ఊళ్ళో ఖాళీ స్థలం ఒక్కటే దొరికింది. నేతవాళ్ళ వీధుల మధ్య, పడుగులు సాగదీసి గంజి పెట్టుకునే బయలు. నేతవాళ్ళు ఒక్క మాట ఎదురాడకుండా ఇచ్చారు. పడుగులు వీధిలో సాగదీసుకుంటాం, తాగడానికి నీళ్ళిస్తే చాలన్నారు.

డయల్ మీద ఒక ఎర్ర గీత ఉంది. ప్రభుత్వంతో ఒప్పందం ఆ గీత మీద నడుస్తుంది. ముల్లు దాని కిందికి దిగిందా, ఆ ఊరు చెట్టుకు పనికిరాదని లెక్క. చెట్టును పెకలించి, బాగా పండే చోట నాటుతారు. ముప్పై ఊళ్ళు క్యూలో ఉన్నాయి.

ఫోను మోగింది. చీఫ్ ఇంజనీరు దివాకర్రావు.

"ఆ ముప్పై ఊళ్ళ మునిసిపల్ వాళ్ళందర్నీ ఈ సాయంత్రం బస్సులో తీసుకొస్తున్నానమ్మా. ముల్లు చూపిస్తాం. నువ్వొక్క మాట అంటే చాలు, ఈ అంకె నిజమని."

"నిజమో కాదో నేనింకా తేల్చలేదండీ."

"తక్కువొస్తే కదా తేల్చాలి!" అని ఫోను పెట్టేశాడు.

వకుళను వారం రోజులుగా ఒక భయం పీడిస్తోంది. ఆమె దాన్ని ఎవరితోనూ అనలేదు. ఈ మధ్య పేటలో ఎవరిని చూసినా పెదవులు పగిలి ఉంటున్నాయి. మొన్న కుళాయి దగ్గర ఒకామె ముక్కులోంచి నెత్తురు కారుతుంటే పైట అడ్డం పెట్టుకుంది. కోటల్లో తులసి మొక్కలు పుల్లలై నిలబడ్డాయి. ఉప్పుకు ఆశే తప్ప విచక్షణ లేదు. తడి అన్నది తడిబట్టలో ఉన్నా, తడినేలలో ఉన్నా, తడినాలుక మీద ఉన్నా దానికి ఒకటే. చెట్టు మనుషులను తాగుతోందా? ఆమె లెక్క కూడా వేసింది. పేటలో జనాన్నంతా ఆరబెట్టినా అంత నీరు రాదు. భయం కొంత తగ్గింది కాని, అటువంటి లెక్క వేసినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

మీటరు సరిగానే ఉంది. తొట్టి కారడం లేదు. పరికరాలు రెండుసార్లు మార్చి చూసింది. ఇక మిగిలింది వీధి.

పెన్నులా ఉండే తేమకొలతను చేతిలో పట్టుకుని ఆమె నేతవీధిలోకి నడిచింది. మగ్గం చప్పుడుకు ఒక నడక ఉంటుంది. నాడె అటు పోయి ఇటు వచ్చే లోపల కాలు కింద కర్ర పడుతుంది, పలక వచ్చి కొడుతుంది. ఈ వీధిలో ఆ నడక కుంటుతోంది. నాలుగు దెబ్బలు, ఆగడం. మూడు దెబ్బలు, ఆగడం. తలుపులన్నిటికీ గోనెపట్టాలు వేలాడుతున్నాయి. అవి తడిగా ఉన్నాయి.

బిట్రా గురవయ్య ఇంటి ముందు ఆగింది. చెట్టు వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టింది ఆయనే. గోనెపట్టా తొలగించి ఆయన భార్య నాంచారమ్మ తొంగి చూసింది.

"రా తల్లీ, చెట్టు డాక్టరమ్మవి కదూ! ఏంది ఇట్టొచ్చావ్, చెట్టుకి జొరమొచ్చిందా?"

"చెట్టు బాగానే ఉందండీ. మరీ బాగుంది, అదే బాధ."

"ఇదేం చోద్యమే! బాగుంటే బాధేంది?"

లోపల గురవయ్య గుంటమగ్గంలో నడుం దాకా నేలలో దిగి కూచున్నాడు. తలెత్తకుండానే "రండమ్మా" అన్నాడు. ఆయన చేతుల కింద సగం నేసిన చీర ఉంది, వంగపండు రంగు. టప్పున ఒక పోగు తెగింది. ఆయన రెండు కొసలూ వెతికి పట్టుకుని, వేలు నాలుకకు తాకించి, మెలిపెట్టి అతికాడు. నాడె ఒకసారి అటు పోయింది. మరో పోగు తెగింది.

నాంచారమ్మ చిన్న గ్లాసులో సగానికి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఇంటికొచ్చిన మనిషికి నిండు గ్లాసు ఇవ్వకపోవడం ఆమెకే సిగ్గుగా ఉన్నట్టుంది, చూపు పక్కకు తిప్పుకుంది. గోడ వారగా బిందెలు వరసగా బోర్లించి ఉన్నాయి.

"పొద్దున పట్టుకున్న నీళ్ళు అప్పుడే అయిపోయాయా?"

"తాగాం."

"ఇద్దరే కదా ఇంట్లో. ఇన్ని బిందెలా?"

"దాహమమ్మా. పెద్ద దాహం," అన్నది నాంచారమ్మ. గుంటలోంచి గురవయ్య దగ్గాడు.

వకుళ తేమకొలతను చూసింది. గది మధ్యలో ఎడారి గాలి. మగ్గం వైపు ఒక అడుగు వేసింది. అంకె కదిలింది. గుంట అంచున మోకాళ్ళ మీద కూచుని చెయ్యి కిందికి చాపింది. అంకె గెంతింది.

"మగ్గం గుంటలో చెయ్యి పెట్టమాకండమ్మా," గురవయ్య గొంతు గట్టిగా లేచింది. "నేసేవోడు తప్ప ఇంకోళ్ళు దిగే చోటు కాదది!"

అప్పటికే ఆమె వేళ్ళు నేలకు తగిలాయి. గుంట అడుగున బురద ఉంది. చల్లటి, మెత్తటి, చెట్టు కుళాయి నీళ్ళ బురద.

పక్కింట్లో మగ్గం ఆగింది. బుడబుడమని నీళ్ళు పోసిన చప్పుడు వినిపించింది. గురవయ్య అలవాటుగా దగ్గబోయి ఆపుకున్నాడు.

"అందరూ పోస్తున్నారా?" అడిగింది వకుళ.

"ఎవరి సంగతి వాళ్ళదే. ఆళ్ళు పోసినప్పుడు మేం దగ్గుతాం, మేం పోసినప్పుడు ఆళ్ళు దగ్గుతారు. ఎవరూ ఎవర్నీ అడగరు."

"ఎందుకు పోస్తున్నారు?"

ఆయన తెగిన పోగు ఒకటి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "ఇరవండి."

ఆమె వంచింది. సేమియా పుల్లలా విరిగింది.

"నూలు తడి తగిలితేనే వంగుద్ది. అందుకే మా పెద్దోళ్ళు నేల్లో గుంట తీసి దాంట్లో కూచుని నేశారు. మీ చెట్టొచ్చిం తర్వాత పోగు నిలవటంలా. ముందు గంజి పలచనైందని ఈమెని తిట్టా."

"తిట్టటమా! నెల్రోజులు నా మొహం చూళ్ళా," అన్నది నాంచారమ్మ. "నేను పోసే గంజి అన్నంలో కలుపుకుని తింటే కడుపు అతుక్కుపోయిద్ది. అంత చిక్కంగా కాశా. అయినా నాదే తప్పు."

"తర్వాత నూలు మంచిది కాదని షావుకారుతో తగువాడాం. తర్వాత మగ్గానికి దిష్టి తగిలిందని నిమ్మకాయ కట్టాం. చివరికి ఒక చెంబు నీళ్ళు గుంటలో పోసి చూశా. ఆ పూట పోగు తెగలా. మర్నాడు రెండు చెంబులు కావాల్సొచ్చినయ్. ఇప్పుడు బిందెలు చాలటంలా."

"మాతో ఒక్క మాట చెప్పి ఉండాల్సింది, గురవయ్య గారూ."

"చెప్తే? తాగటానికిచ్చిన నీళ్ళు మగ్గాలకి పోస్తన్నారని చెట్టు పీక్కుపోతారు. మళ్ళీ ఆ బోరు నీళ్ళే. ఈమె కడుపులో రాళ్ళు యాడినుంచి వచ్చినయ్యనుకున్నారు? రెండుసార్లు ఆస్పత్రిలో పడేశాం. మంచినీళ్ళు బాగా తాగితేనే బతుకుద్దని చెప్పాడు డాక్టరు. మీలాంటి డాక్టరు కాదు, మనుషుల డాక్టరు."

వకుళ నాంచారమ్మ వైపు తిరిగింది. "తాగుతున్నారా మరి?"

"తాగుతన్నాలే," అన్నది ఆమె తేలిగ్గా. "మగ్గం తాగింతర్వాత."

ఆమె పెదవుల మీద పగుళ్ళలో నెత్తురు ఎండి ఉంది. వకుళ చేతిలోని గ్లాసు కింద పెట్టింది. ఆ సగం గ్లాసు తనకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు అర్థమైంది.

"గుంటలో పోసిన నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో తెలుసా?" అన్నది నెమ్మదిగా. "గాల్లోకి. గాల్లోంచి చెట్టులోకి. అక్కణ్ణుంచి మీ బిందెలోకి. మళ్ళీ గుంటలోకి. చెట్టు ఎక్కువ నీరు ఇస్తోందని మేం పండగ చేసుకుంటున్నాం. మీరు పోసిన నీళ్ళనే అది మళ్ళీ మీకు కొలిచి ఇస్తోంది."

నాంచారమ్మ బోర్లించిన బిందెల వంక చూసింది. "అంటే నిన్న పోసిన నీళ్ళే ఇయ్యాళ పట్టుకున్నామా? గానుగెద్దు నయం కదయ్యా మనకంటే! దాని ఎనకాల నూనన్నా దిగుద్ది." ఆమె పకపకా నవ్వింది. నవ్వుతుంటే పెదవి చిట్లింది.

గురవయ్యకు నవ్వు రాలేదు. "మేం పొయ్యకపోతే ముల్లు యాడుంటది?"

వకుళ మనసులో తీసివేసింది. ఎర్ర గీత కళ్ళ ముందు కనిపించింది. "గీతకు కాస్త కింద."

గురవయ్య నాడెను చీర మీద పెట్టేశాడు.

"దీనికో దారి ఉంది," అన్నది వకుళ. "చెట్టును వీధి మధ్యలోంచి తీసి సముద్రం ఒడ్డున పెడితే తేమ గాలి నేరుగా దానికే తగులుతుంది. మీ మగ్గాల గాలి మీకుంటుంది. తాగే నీళ్ళూ ఉంటాయి. ఈ సాయంత్రం వచ్చే మా పెద్దాయనతో ఆ మాటే చెప్తాను. కాని అసలు అంకె ఆయన కళ్ళతో చూడాలి. ఈ ఒక్క పూట మగ్గాలు ఆపండి. ఎవరూ చుక్క నీరు పొయ్యకండి."

"పీకిన చెట్టు మళ్ళీ మా ఊళ్ళోనే నాటతారా?"

"చెట్టు నేను చేసిందండీ. నా మాట వింటారు."

"చేసింది మీరు," అన్నాడు గురవయ్య. "పీకేది ఎవరు?"

ఆయన గుంటలోంచి పైకి లేచి, చీర మీద గుడ్డ కప్పి, వీధిలోకి వెళ్ళాడు. మధ్యాహ్నానికి ఒక్కొక్క మగ్గమే ఆగిపోయింది. పేట పుట్టాక పనిరోజున అంత నిశ్శబ్దం ఎన్నడూ లేదని తర్వాత చెప్పుకున్నారు.

సముద్రపు గాలి తిరిగే వేళకు బస్సు వచ్చింది. దివాకర్రావు ముందు దిగాడు, వెనక ముప్పై ఊళ్ళ పెద్దమనుషులు. కొమ్మల చివర పీచు గాలికి ఊగుతూ ఎండలో తళతళలాడుతోంది. వాళ్ళు తలలెత్తి చూసి నోళ్ళు తెరిచారు. ఫణీంద్ర మైకు పట్టుకుని వేళ్ళు ఎక్కడ, మూతులు ఎక్కడ చూపిస్తున్నాడు. అందరూ డయల్ చుట్టూ చేరారు.

ముల్లు దిగుతోంది.

మొదట ఎవరూ గమనించలేదు. ఫణీంద్ర గమనించి మాట మధ్యలో తడబడ్డాడు. "మేడమ్," అన్నాడు గొంతు తగ్గించి, "పడిపోతోంది."

"పడనీ."

వీధిలోని గాలి గుంటల్లో మిగిలిన తడినంతా తెచ్చి ఇచ్చేసింది. ఇప్పుడు చెట్టుకు అందుతున్నది సముద్రం ఇచ్చినంతే. ముల్లు ఎర్ర గీత వైపు జారుతోంది. దివాకర్రావు నవ్వుమొహం అలాగే ఉంచి వకుళ పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"ఏమిటమ్మా ఇది?"

"ఇదే అసలు అంకె సార్." నాలుగు మాటల్లో చెప్పింది. గుంటలు, పోగులు, బిందెలు. "చెట్టును ఒడ్డుకు మార్చండి. అక్కడైతే గీత దాటుతుంది."

"ఒడ్డు మొత్తం రొయ్యల చెరువులకు ఇచ్చేశారు. అక్కడ నాటడానికి జానెడు నేల లేదు. నీకు తెలీదూ?"

ఆమెకు తెలియదు. ఆమె ఇన్నాళ్ళూ ఒడ్డున స్తంభం మీది పరికరాన్ని చూసింది కాని, దాని కింద నేల ఎవరిదో అడగలేదు.

"విను," అన్నాడాయన ఇంకా మెల్లగా. ఆ గొంతులో కోపం లేదు, అందుకే ఎక్కువ భయం వేసింది. "ముప్పై మంది చూస్తుండగా అది గీత దాటితే నేను చెయ్యాల్సింది ఒకటే. రేపు లారీ వస్తుంది. వీళ్ళలో ఎవరి ఊరికి పోతుందో వాళ్ళు ఈ సాయంత్రమే తగువాడుకుంటారు. నీ మనసు నీకు తేలిక పడుతుంది. ఇక్కడి వాళ్ళు మళ్ళీ బోరు దగ్గరికి పోతారు."

వకుళ వీధి వైపు చూసింది. గోనెపట్టాల వెనక మనుషులు నిలబడి చెట్టు వంకా, చెట్టు దగ్గర గుమిగూడిన జనం వంకా చూస్తున్నారు. వాళ్ళకు ముల్లు కనపడదు. కాని ఫణీంద్ర మొహం కనపడుతోంది.

ముందు ఎవరు కదిలారో తెలియదు. మూడో ఇంటి తలుపు తెరుచుకుంది. ఒకామె బిందె చంకన పెట్టుకుని బయటికి వచ్చి, వంగి, చేత్తో నీళ్ళు తీసి వాకిట్లో కళ్ళాపి చల్లింది. సాయంత్రం నాలుగింటికి. ఆ ఎదురింటామె వచ్చింది. తర్వాత వీధి వీధంతా. పొద్దుపొడుపున చేసే పనిని మండే నేల మీద, ఎవరూ ఎవరి మొహమూ చూడకుండా, వంగిన నడుములు ఎత్తకుండా చేస్తున్నారు. నేల మీద పడిన నీరు పడినట్టే ఆవిరైపోతోంది. చెట్టు మూతులు బుస్సుమని పీలుస్తున్నాయి.

"ఆహా, ఏం మర్యాదండీ!" అన్నాడు బస్సులో వచ్చిన ఒక పెద్దమనిషి. "అతిథులొచ్చారని మళ్ళీ కళ్ళాపి చల్లుతున్నారు. మా ఊళ్ళో మంచినీళ్ళే ఇవ్వరు."

ముల్లు ఆగింది. వణికింది. వెంట్రుకవాసి పైకి లేచింది. గీత మీదికి వచ్చి, అటు పోలేక ఇటు రాలేక, అక్కడే కొట్టుకుంటోంది. వీధిలో బిందెలు ఒక్కొక్కటే ఖాళీ అయి బోర్లాపడుతున్నాయి.

అప్పుడు నాంచారమ్మ వచ్చింది. ఆమె చేతిలో ఉన్నది బిందె కాదు, చిన్న ఇత్తడి తప్పేలా. వకుళ ఉదయం ఆ ఇంట్లో చూసినవన్నీ ఖాళీ బిందెలే. ఇది ఎక్కడో దాచుకున్నది. ఆమె తాగడానికి దాచుకున్నది.

వకుళ డయల్ దగ్గర్నుంచి కదిలింది. అందరూ చూస్తుండగా బయలు దాటి వెళ్ళి తప్పేలా అంచు పట్టుకుంది.

"వదలమ్మా," అన్నది నాంచారమ్మ. "చెట్టన్నాక నీళ్ళు పొయ్యొద్దూ?"

"ముందు మీరు తాగండి."

"ఆళ్ళు చూస్తన్నారు తల్లీ."

"చూడనివ్వండి. తాగితే గాని వదలను."

నాంచారమ్మ తప్పేలా ఎత్తి గటగటా తాగింది. నీళ్ళు గడ్డం మీంచి కారాయి. సగం అయ్యాక ఆపి, కొంగుతో మూతి తుడుచుకుని, మిగిలిన సగం వకుళ చేతుల్లో పెట్టింది.

కెమిస్టుకు ఆ సగం తప్పేలా ముల్లును ఎంత కదుపుతుందో తెలుసు. వెంట్రుకవాసి. కావాల్సింది కూడా అంతే. ఆమె వంగి, చెట్టు మూతుల ముందు కాలుతున్న నేల మీద, ఎన్నడూ అలవాటు లేని చేత్తో, కళ్ళాపి చల్లింది.

ముల్లు గీత దాటి పైకి వచ్చి నిలబడింది. పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు.

"డాక్టర్ గారూ, ఈ అంకె నిజమేనా?" అని అడిగాడు ఇందాకటి పెద్దమనిషి.

ఆమె చేతి నుంచి నీళ్ళు కారుతున్నాయి. "చెట్టు అంత నీరూ తాగుతోందండీ," అన్నది. "ఆ మాట నిజమే." ఆ నీరు ఎవరిదని ఎవరూ అడగలేదు.

ఆ ఏడాదే ముప్పై ఊళ్ళలోనూ ఉప్పుచెట్లు లేచాయి. అన్నిటికీ అదే డయల్, సజ్జావారిపేట చెట్టును చూసి గీసిన అదే ఎర్ర గీత. ఆ ఊళ్ళలో గుంటమగ్గాలు లేవు. చెట్టు ఇచ్చిన నీళ్ళను అక్కడి జనం పట్టుకుని తాగేశారు. తిరిగి పోసినవాళ్ళు లేరు. వేసవి దాటక ముందే ఒక్కొక్క ఊళ్ళో ముల్లు గీత కిందికి జారింది. ఒప్పందం ప్రకారం ఆ చెట్లను పెకలించి, బాగా పండే చోటుకు మార్చాలి. ఏ ఊరు బాగా పండుతోందని పైవాళ్ళు చూశారు. గీతకు పైన ఒక్క ఊరే నిలిచింది.

లారీ సజ్జావారిపేట రైలుగేటు దాటి నేతవీధిలోకి వచ్చేసరికి బాగా పొద్దెక్కింది. మడిచిన కొమ్మలు వీధి ఇరుపక్కలా చూరులకు రాసుకుంటున్నాయి. ముందు కారులోంచి దివాకర్రావు దిగాడు, నవ్వుతూ. వెనక గేటు దగ్గర ఇంకో లారీ ఆగి ఉంది. ఫణీంద్ర సంతోషం పట్టలేక కూలీల కంటే ముందు తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు.

గురవయ్య లారీ వంక చూసి, లోపలికి పోయి, గునపంతో బయటికి వచ్చాడు. ఆయన చెట్టు మీదికి పోతున్నాడని ఒక్క క్షణం అందరికీ అనిపించింది. దివాకర్రావు అడుగు వెనక్కి వేశాడు. గురవయ్య గునపాన్ని గడప రాయికి రెండుసార్లు కొట్టి పదును చూసుకుని, మళ్ళీ లోపలికే పోయాడు. కాసేపటికి మగ్గం గుంటను ఇంకొంచెం లోతుకు తవ్వుతున్న చప్పుడు వినిపించింది.

నాంచారమ్మ గడపలో నిలబడి లారీ మీది మానును ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. తర్వాత వకుళ వైపు తిరిగింది.

"దీనికెన్ని బిందెలు పొయ్యాలి, డాక్టరమ్మా?"